పొడుగింట్లో అమ్మలు ఎందరో

ప్రశ్న: అమెరికాలోని ఇరోక్వాయ్ ప్రజలు తల్లి అక్కచెల్లెళ్ళను కూడా అమ్మ అనే పిలుస్తారనీ, వారి వరసలు మన వరసల వంటివేననీ విన్నాను. నిజమేనా? వారిలో స్త్రీలదే పెత్తనమన్న మాట ఎంతవరకు సరైనది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమే. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో వకీలుగా ఉన్న లూయిస్ హెన్రీ మోర్గన్, ఇరోక్వాయ్‌లలో ఒకటైన సెనెకా తెగకు చెందిన ఈలీ పార్కర్ సాయంతో ఈ ప్రజల జీవితాన్ని దగ్గరగా చూశాడు. తర్వాత లోకంలోని అనేక భాషల బంధుత్వ పదాలను సేకరించి, 1871లో వెలువడిన తన పట్టికల్లో తమిళ, తెలుగు, కన్నడ వరసలను చేర్చి, అవి సెనెకా వరసలతో ఇంతగా కలవడం చూసి ఆశ్చర్యపోయాడు. సెనెకా భాషలో తల్లిని ‘నోయే’ అంటారు, తల్లి చెల్లెలూ నోయేనే. తండ్రి సోదరుడు తండ్రే. మేనమామకు, మేనత్తకు మాత్రం వేరే మాటలున్నాయి. పెద్దమ్మ, చిన్నాన్నల పిల్లలు తోబుట్టువుల లెక్క. మేనమామ, మేనత్తల పిల్లలది వేరే వరస. ఇంతవరకు మన ఇళ్ళలోని ఏ పెద్దావిడైనా తడుముకోకుండా ఒప్పుకుంటుంది.

దారులు వేరుపడేది ఆ తర్వాతే. మనకు మేనమామ కొడుకు బావ అవుతాడు, అంటే పెళ్ళికి వరసైనవాడు. కొన్ని కుటుంబాల్లో మేనమామే మేనకోడలిని చేసుకోవడమూ ఉంది. ఇరోక్వాయ్‌లలో ఇది ఊహకు కూడా అందదు, ఎందుకంటే వారికి వంశం తల్లి నుంచి వస్తుంది. ఎలుగుబంటి పేరు పెట్టుకున్న వంశపు తల్లికి పుట్టిన బిడ్డ, తండ్రి ఎవరైనా, ఎలుగుబంటి వంశానికే చెందుతుంది. మేనమామా, మేనకోడలూ ఒకే వంశంవారు కాబట్టి వారి మధ్య పెళ్ళి మాటే రాదు. మన ఇంటిపేరు తండ్రి నుంచి రావడం వల్ల మేనకోడలు వేరే ఇంటి పిల్ల అయిపోతుంది. మన వరసలు ఎవరిని పెళ్ళాడవచ్చో చెబితే, వారి వరసలు ఎవరు ఏ ఇంటి మనిషో చెబుతాయని నాకనిపిస్తుంది.

ఆ ఇంటిని చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది. ఇరోక్వాయ్ అన్నది బయటివారు పెట్టిన పేరు; వారు తమను హోడెనొషోనీ, అంటే పొడుగిల్లు కట్టేవారు, అని చెప్పుకుంటారు. కర్రల చట్రానికి ఎల్మ్ చెట్టు బెరడు పలకలు కప్పి కట్టిన ఆ ఇంటి వెడల్పు సుమారు 20 అడుగులు. పొడవు మాత్రం కుటుంబాన్ని బట్టి పెరుగుతూ, కొన్నిచోట్ల 200 అడుగులు దాటేది. నడుమ దారి వెంట వరసగా పొయ్యిలు, ఒక్కో పొయ్యికి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం, పైన పొగ పోవడానికి కంతలు. పెళ్ళయినా కూతురు ఇల్లు కదిలేది కాదు, అల్లుడే ఇల్లరికం వచ్చేవాడు. అమ్మా, ఆమె చెల్లెళ్ళూ ఒకే కప్పు కింద పిల్లలను పెంచేచోట, అందరికీ అమ్మ అన్న ఒక్క మాట సరిపోవడంలో వింతేముంది?

ఇక పెత్తనం సంగతి. మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా జాతులు కలిసి ఏర్పరచుకున్న సమాఖ్యలో 1722 ప్రాంతంలో టస్కరోరాలు ఆరో జాతిగా చేరారు. మహాసభలో కూర్చునే 50 పదవులూ పురుషులవే, కానీ ఆ పురుషులను ఎంపిక చేసేది వంశపు పెద్దమ్మలు, అంటే ఆ వంశానికి పెద్దలైన స్త్రీలు. పదవి తండ్రి నుంచి కొడుకుకు రాదు, తల్లి వంశంలోనే ఉండిపోతుంది. నాయకుడు దారి తప్పితే వంశపు పెద్దమ్మ మూడుసార్లు హెచ్చరిస్తుంది, అప్పటికీ వినకపోతే పదవికి గుర్తయిన జింక కొమ్ములను తీసివేస్తుంది. పొలమూ, పంటా, గాదెలూ స్త్రీల చేతిలోనే ఉండేవి కాబట్టి, యుద్ధానికి వెళ్ళేవారికి దారిబత్తెం ఇవ్వకపోతే దండు కదలడమే కష్టమయ్యేది. దీన్ని స్త్రీరాజ్యమనడం నాకు అతిశయోక్తిగా తోస్తుంది. పెత్తనాన్ని పంచుకున్నారనడమే సబబు.

ప్రశ్న: ఇరోక్వాయ్‌లు మొక్కజొన్నను బూడిదతో ఉడికించేవారట. ఎందుకు?
– మరొక పాఠకుడు, వరంగల్

జవాబు: గింజ మీది గట్టి పొట్టు ఊడడానికి. కట్టెల బూడిద కలిపిన నీళ్ళలో ఉడికిన గింజలను బుట్టలో వేసి, నీళ్ళలో ముంచి కుదిపితే పొట్టూ, బూడిదా కొట్టుకుపోతాయి. దీనివల్ల మొక్కజొన్నలో బిగిసి ఉండే నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఆ తర్వాత దంపుడు. చెట్టు మొద్దును తొలిచిన రోట్లో, రెండు కొసలూ లావుగా, పట్టుకునే నడుమ సన్నగా ఉండే రోకలితో ఇద్దరు స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు పోటు వేసేవారు. జల్లించిన పిండిలో ఉడికిన చిక్కుడు గింజలు కలిపి, గుండ్రటి బిళ్ళలుగా తట్టి, పెనం మీద కాల్చకుండా మరుగుతున్న నీళ్ళలో వేసి ఉడికించేవారు. ఆ నీళ్ళను కూడా, మనం గంజి తాగినట్టు, తాగేవారు.