డాక్యుమెంటేషన్ రాస్తే రెజ్యుమెలో ఎవరైనా చూస్తారా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓపెన్ సోర్స్ మెయిల్ సర్వర్ మీద పనిచేయాలని ఉంది. సీ లాంగ్వేజ్‌లో అంత పట్టు లేదు. డాక్యుమెంటేషన్‌తో, అంటే దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు రాయడంతో మొదలుపెడదామంటే, అది కోడింగ్ కాదు, రెజ్యుమెలో ఎవరూ చూడరు అంటున్నారు ఫ్రెండ్స్. ఏం చేయమంటారు సర్?

జవాబు: మీ ఫ్రెండ్స్ మాట సగం నిజం. రెండు అక్షరదోషాలు దిద్ది కంట్రిబ్యూటర్‌నని రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కానీ మెయిల్ సర్వర్ గురించి నాలుగు ముక్కలు సరిగ్గా రాయాలంటే దాని లోపల ఏం జరుగుతోందో తెలియక తప్పదు.

ముందు ఒక వర్చువల్ మెషీన్‌లో, అంటే మీ కంప్యూటర్‌లోనే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిదాంట్లో, పోస్ట్‌ఫిక్స్ వేసుకోండి. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి 1998లో విడుదల చేసిన సర్వర్ ఇది. దాన్ని బయటి నెట్‌కు మాత్రం తెరవకండి. తప్పు సెట్టింగ్ ఒక్కటి పడితే చాలు, స్పామ్ పంపేవాళ్లు వచ్చి వాలతారు. ఇప్పుడు టెల్‌నెట్‌తో (సర్వర్‌తో నేరుగా టైప్ చేసి మాట్లాడే ప్రోగ్రామ్) మెయిల్ అందుకునే 25వ పోర్టుకు కనెక్టయి ఒక మెయిల్ చేత్తో టైప్ చేసి పంపండి. వరసగా ఇవ్వాల్సిన కమాండ్లు: హెలో, మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ టు, డేటా. ఆఖరి లైన్లో చుక్క ఒక్కటే పెట్టి ఎంటర్ కొడితే సర్వర్ 250 అంటూ ఒక క్యూ ఐడీ (ఆ మెయిల్‌కు తాను పెట్టుకున్న గుర్తు) ఇస్తుంది. ఆ 250కి అర్థం, ఈ మెయిల్ బాధ్యత ఇక నాదని సర్వర్ ఒప్పుకున్నట్టు. అయితే చేర్చాలి, లేదంటే చేరలేదని పంపినవాళ్లకు చెప్పాలి. ఆ ఐడీ పట్టుకుని లాగ్‌లో (సర్వర్ తాను చేసిన పనులు రాసుకునే ఫైల్) మెయిల్ ఎక్కడెక్కడ తిరిగిందో వెతకండి. అవతలి సర్వర్ 4తో మొదలయ్యే కోడ్ ఇస్తే పోస్ట్‌ఫిక్స్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, మామూలుగా 5 రోజుల దాకా. 5తో మొదలైతే ఇక అంతే, తిప్పి పంపేస్తుంది.

ఆ చుక్క దగ్గరే పెద్ద గొడవ జరిగింది. 2023 డిసెంబరులో ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్ అనే లోపం బయటపడింది. ఎస్‌ఎంటీపీ అంటే మెయిల్ పంపడానికి సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి, మీరు చేత్తో టైప్ చేసింది అదే. మెయిల్ ఎక్కడ ముగిసిందన్నది ఒక సర్వర్ ఒకలా, ఇంకోటి ఇంకోలా అర్థం చేసుకోవడంతో, ఒక మెయిల్ కడుపులో దాచిన నకిలీ మెయిల్ విడిగా లోపలికి వెళ్లిపోగలిగేది. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్, సెండ్‌మెయిల్ అనే మెయిల్ సర్వర్లు మూడూ దిద్దుకోవాల్సి వచ్చింది. పోస్ట్‌ఫిక్స్‌లో దీనికోసం కొత్త సెట్టింగ్ పెట్టారు. అది ఆన్ చేస్తే మెయిల్ పంపే పాత పరికరాలు ఏవైనా ఆగిపోతాయా, వాటికి మినహాయింపు ఎలా ఇవ్వాలి? సర్వర్ చూసుకునే అడ్మిన్‌కు అలాంటి రాత్రి కావలసింది కోడ్ కాదు, ఈ జవాబున్న పేజీ.

కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరు ఆగిపోయిన ప్రతిచోటా నోట్ చేసుకోండి. ముఖ్యంగా ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే పద్ధతులు) దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా తడబడతారు. తర్వాత ఎవరో చెప్పిన బగ్‌ను మీ మెషీన్‌లో మళ్లీ రప్పించి, ఏ వెర్షన్‌లో వస్తోందో లాగ్‌తో సహా రాయండి. డెవలపర్లకు ఇంతకంటే పెద్ద సాయం లేదు. సీ లాంగ్వేజ్ ఆ దారిలోనే వస్తుంది.

ఒకటి మాత్రం దాచను. మెయిల్ సర్వర్ డెవలపర్ అన్న పేరుతో ఉద్యోగాలు చాలా తక్కువ. ఈ పని మిమ్మల్ని లైనక్స్ అడ్మిన్, సెక్యూరిటీ, డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్ల వ్యవస్థ) వైపు తీసుకెళ్తుంది. రెజ్యుమెలో ఓపెన్ సోర్స్ మీద ఆసక్తి అని రాయకండి. మీరు మార్చిన పేజీ లింకు ఇచ్చి, ముందు అక్కడ ఏం తప్పుండేది, మీరు ఎలా పరీక్షించారు అన్నది మూడు లైన్లలో పెట్టండి.