‘రన్’ అన్నచోటల్లా పరుగెత్తించకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాద కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మంచి కథ ఎంచుకున్నావు. మాటల్లో మనుషులు పలుకుతున్నారు. కానీ మూడుచోట్ల పెన్సిలు ఆగిపోయింది. ‘రోడ్డు ఏటి పక్కన పరుగెడుతోంది.’ ‘ఆ నాటకం రెండేళ్ళు పరుగెత్తింది.’ ‘ఆయన మేయరు పదవికి పరుగెత్తాడు.’ మూడింటి వెనకా ఉన్నది ఒక్కటే ఇంగ్లీషు మాట, రన్.

అదే కథలో పిల్లాడి ముక్కు కారుతోందని రాశావు. అక్కడా మూలంలో ఉన్నది రన్నే. మరి అక్కడ నువ్వెందుకు తప్పు చేయలేదు? ముక్కు కారడం నువ్వు పుట్టి పెరిగిన ఇంట్లో చూసిందీ విన్నదీ. మేయరుని మాత్రం ఇంగ్లీషు పేజీలోనే చూశావు. తెలిసినచోట చెవి మాట ఇచ్చింది, తెలియనిచోట నిఘంటువు ఇచ్చింది.

నిఘంటువుని తప్పుపట్టలేం. ఇంగ్లీషులో ఇంత విస్తారమైన మాట మరొకటి లేదేమో. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు 1989 కూర్పులో ‘సెట్’ది మొదటి స్థానం. ఆ తర్వాత సవరణల్లో ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగానే 645 అర్థాలు తేలాయి. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఈ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు పనిచేశాడు. అన్ని నెలలు ఒక మాట దగ్గర కూర్చున్న మనిషిని తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకో. ఆ మాట కాళ్ళకే పుట్టింది కాదు. జర్మన్‌లో దాని చుట్టం ‘రిన్నెన్’కి అర్థం నీళ్ళు కారడం. మనిషి పరుగూ నీటి పారుదలా మొదటినుంచీ అందులో కలిసే ఉన్నాయి.

మన భాష తీరు వేరు. ఇక్కడ ఏ వస్తువు క్రియ దానికుంటుంది. కాలవ పారుతుంది. బస్సు నడుస్తుంది. పిండి మర ఆడుతుంది, సినిమా కూడా ఆడుతుంది. కొత్త చీర ఉతికితే రంగు దిగుతుంది. రోడ్డు ఏటి వెంబడే పోతుంది. పాత స్నేహితుడు దారిలో తారసపడతాడు. ఇన్నిచోట్లా ఇంగ్లీషువాడికి రన్ ఒక్కటే చాలు. కాబట్టి రన్ కనపడగానే దాని అర్థమేమిటని వెతకొద్దు. ఏది రన్ అవుతోందో చూడు. ఆ వస్తువునే అడుగు, తన క్రియ అదే చెబుతుంది.

మేయరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికాలో ఎన్నికలకు రన్ అవుతారు. ఇంగ్లండులో అదే పనికి ‘స్టాండ్’ అంటారు. మనమూ నిలబడతాం. కథ అమెరికాదే అయినా మేయరు పదవికి ఆయన తెలుగులో నిలబడాల్సిందే. ఎందుకంటే మన దగ్గర పదవి కోసం పరుగెత్తాడంటే ఆశపోతని అర్థం. మూలంలో ఆయన నెమ్మదస్తుడు, ఊరివాళ్ళు బతిమాలితే ఒప్పుకున్నవాడు. నీ ఒక్క క్రియ ఆ మంచిమనిషి మీద లేని నింద వేసింది. నన్ను బాధపెట్టింది అదే.

అలాగని పరుగుని వెలివేయకు. క్రికెట్లో బంతి బౌండరీ దాటితే బ్యాటరు ఒక్క అడుగు వేయకపోయినా నాలుగు పరుగులే అంటాం. రేడియోలోనూ పత్రికల్లోనూ వాడివాడి ఆ మాట ఇంగ్లీషు అర్థాన్ని మోయడం నేర్చుకుంది. కోడ్ రన్ చేసే ఇంజనీరు నీ కథలోకి వస్తే అతని నోట రన్ అనే అనిపించు. ‘రన్నింగ్ బస్సు ఎక్కొద్దు’ అని కండక్టరు కేకేస్తే దాన్ని దిద్దొద్దు. మనుషులు అలాగే మాట్లాడుతున్నారు.

నేను అనువాదాలు మొదలుపెట్టిన రోజుల్లో ఒక పేదింటి కథ చేశాను. పక్కింటావిడ పిండి బదులుకి వస్తే ఇల్లాలు తమ ఇంట్లోనూ రన్ అవుట్ అయిందని చెబుతుంది. ‘అయిపోయింది’ అని రాశాను. అర్థం సరిపోయింది. అచ్చయ్యాక చదువుతుంటే మా అమ్మ గొంతు వినపడింది. బియ్యం లేవని అమ్మ ఏనాడూ అనలేదు, ‘నిండుకున్నాయి’ అనేది. లేమిని నిండుతనంతో కప్పి చెప్పే మాట అది. ఆ ఇల్లాలి సిగ్గంతా అందులో పట్టేది. ఆ వాక్యం ఇప్పటికీ నన్ను వదల్లేదు. ప్రతి రన్ అవుట్‌కీ ఈ మాట సరిపోదు. కారులో పెట్రోలు అయిపోతుంది, అంతే. నిండుకోవడం వంటింటి మాట, అక్కడే దానికి బలం.

నీ కథ చివరి పేజీలో మనవడి మొండితనం చూసి ముసలావిడ ‘ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’ అంటుంది, అక్కడా రన్నే. దాన్ని ‘ఇది మా కుటుంబంలో ఉన్న లక్షణం’ అని రాశావు. తప్పేమీ లేదు, కానీ ఏ ముసలావిడా అలా అనదు. ‘తాత బుద్ధులు ఎక్కడికి పోతాయి!’ అని నాకు తోచింది. నా మాట తీసుకోవద్దు. ఆ సన్నివేశం మీ అమ్మమ్మగారికి చదివి వినిపించి, ఆవిడైతే ఏమంటారో అడిగి, వచ్చే ఉత్తరంలో రాయి.