స్ట్రిప్‌లకి డబ్బు చాలనప్పుడు అమ్మ షుగర్ ఎలా చూసుకోవాలి?

మీ అమ్మగారు తిరుపతిలో ఇళ్లలో పని చేస్తారని, డాక్టరు ఇంట్లోనే షుగర్ చూసుకోమన్నా, మిషన్‌లో పెట్టి రక్తపు చుక్క తాకించే స్ట్రిప్‌ల ఖర్చుకి భయపడి మిషన్ పక్కన పెట్టేశారని రాశారు. మా ఇంట్లోనూ రెండేళ్లు అలాగే గడిచింది. మా అమ్మ చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ కూలి. ఒక్కో స్ట్రిప్‌కి ఇరవై రూపాయల దాకా పడేది. "ఆ డబ్బుతో పాలొస్తాయి కదరా" అనేది.

మాకు 25 స్ట్రిప్‌ల డబ్బా మూడు నెలలు వస్తోంది, అంటే వారానికి రెండు. ఆ రెండూ ఒకే రోజు వాడతాం, ఒకే భోజనానికి ముందొకటి, తర్వాతొకటి. మొదటి ముద్ద నోట్లో పెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలు లెక్క. ఒక వారం మధ్యాహ్నం సంగటికి, ఇంకో వారం రాత్రి అన్నానికి. రెండు ముద్దల సంగటి తిన్న రోజు 150 నుంచి 262కి పోయింది. ముద్ద ఒకటికి తగ్గించి, పప్పూ ఆకుకూరా ఎక్కువ వేసుకున్న వారం 190 దగ్గర ఆగింది. రాగి మంచిదే కదా అని ఎంతైనా తినొచ్చనుకునేది అమ్మ. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాక నేను మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

మామూలుగా పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకి 180 లోపు ఉండాలంటారు. వయసు, మందులను బట్టి మీ అమ్మగారికి ఎంత ఉండాలో డాక్టరునే అడగండి.

చేతులు కడగడం మాత్రం మరవద్దు. ఒకరోజు అమ్మ ఫ్యాక్టరీ నుంచి రాగానే చూస్తే 340 చూపించింది. నాకు కాళ్లాడలేదు, ఆటో పిలవబోయాను. పక్కింటి అక్క "ముందు చేతులు సబ్బుతో కడిగించు" అంది. కడిగి, బాగా తుడిచి, మళ్లీ చూస్తే 168! వేళ్లకున్న మామిడి రసమే అదంతా. పొడిచేటప్పుడు వేలి మధ్యలో కాకుండా పక్కన పొడవండి. పాత్రలు తోమే చేతికి నొప్పి తక్కువ.

మిషన్ కొత్తగా కొంటే దాని ధర కన్నా స్ట్రిప్ ధర ముందు అడగండి. స్ట్రిప్ డబ్బా మూత వెంటనే బిగించాలి, తెరిచిన తేదీ దాని మీద రాసుకోవాలి. పక్కింటివాళ్లు అడిగినా సూది, పొడిచే పెన్ను ఎవరికీ ఇవ్వొద్దు, రక్తంతో వచ్చే జబ్బులు అంటుకుంటాయి.

స్ట్రిప్ ఖర్చు లేకుండా చూపించుకునే దారి కూడా ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు. మీ వార్డులో ఏఎన్‌ఎంని గానీ ఆశా కార్యకర్తని గానీ అడగండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష గురించి కూడా డాక్టరుని అడగండి. రక్తం తక్కువగా ఉన్నవాళ్లలో అది తప్పుగా రావచ్చు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పాలి. మందులు జన్ ఔషధి దుకాణంలో తీసుకుంటే మిగిలే డబ్బు స్ట్రిప్‌లకి పనికొస్తుంది. మేం అలాగే నెట్టుకొస్తున్నాం.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకోటి. అమ్మగారు పొద్దున ఐదింటికే మాత్ర వేసుకుని పనికి పోయి, పదకొండింటికి తింటారన్నారు. అది గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర అయితే ఖాళీ కడుపుతో షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉన్నాయేమో ఇవాళే అడగండి. అలా అనిపించినప్పుడు మాత్రం స్ట్రిప్ లెక్క చూడకుండా పరీక్ష చేయాలి. 70 కన్నా తక్కువుంటే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మిషన్ అందుబాటులో లేకపోతే ముందు చక్కెర నీళ్లే ఇవ్వండి. మాత్ర మీరే ఆపేయొద్దు. ఆవిడ ఎన్నింటికి మాత్ర వేసుకుంటున్నారో, ఎన్నింటికి తింటున్నారో ఒక చీటీలో రాసి రేపే డాక్టరుకి చూపించండి. ఇన్సులిన్ వాడుతుంటే వారానికి రెండు స్ట్రిప్‌ల లెక్క అస్సలు సరిపోదు, ఎన్నిసార్లు చూడాలో వాళ్లే చెప్పాలి.