377 పోయింది సరే, చెయ్యి పట్టుకుని నడవొచ్చా?

"హైదరాబాద్‌లో ఇద్దరు మగవాళ్లం చెయ్యి పట్టుకుని నడిస్తే పోలీసులు పట్టుకుంటారా?" అని అడిగారు. పట్టుకోరు. మేమిద్దరం తొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాం, ఒక్క కానిస్టేబుల్ కూడా ఆపలేదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ (పాత శిక్షాస్మృతి) సెక్షన్ 377ను 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఆ మేరకు కొట్టేసింది, ఆ తీర్పుతో మన సంబంధం నేరం కాకుండా పోయింది. నలుగురిలో అసభ్యంగా ప్రవర్తిస్తే పెట్టే సెక్షన్ వేరే ఉంది. అప్పట్లో ఐపీసీ 294, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 296, 3 నెలల దాకా జైలు. అది ఏ జంటకైనా ఒకటే. ఉత్తినే చెయ్యి పట్టుకుంటే దాని కిందికి రాదు.

అయినా మన దగ్గర మగవాళ్లు చేతులు పట్టుకోవడం కొత్తా? మా నాన్న, ఆయన స్నేహితుడు సాయంత్రం పూట కాలవ గట్టు మీద చిటికెనవేళ్లు కలుపుకునే నడిచేవారు. 2021లో ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టి, గొడవయ్యాక తీసేశారు. అది ఉన్నా మేం దర్జాగా లోపలికి పోవచ్చు. జంట అంటే అమ్మాయీ అబ్బాయే కదా వాళ్ల లెక్కలో! మాకు అద్దె ఇల్లు దొరికిందీ అలాగే, 'ఫ్రెండ్స్' అని.

చిక్కల్లా పట్టు మారినప్పుడే. చిటికెనవేలు పట్టుకుంటే స్నేహం. వేళ్లలో వేళ్లు దూర్చితే జనం రెండోసారి చూస్తారు. తీర్పొచ్చిన కొత్తలో, ఆ ఊపులో, ట్యాంక్‌బండ్ మీద అలాగే నడుస్తున్నాం. ఒకడు బైక్ స్లో చేసి "ఏం మామా, త్రీ సెవెంటీ సెవెనా?" అని అరిచి పోయాడు. కోర్టు కొట్టేసిన నంబరే తిట్టయి కూర్చుంది. తను చెయ్యి ఎప్పుడు లాక్కున్నాడో నాకు తెలియనే లేదు. ఇప్పటికీ వెనక బైక్ చప్పుడు తగ్గితే తన చెయ్యి జేబులోకి పోతుంది.

మొన్న సంక్రాంతికి ఊళ్లో మా అన్న కొడుకు, పదో తరగతి, భుజం మీద చెయ్యేసిన స్నేహితుణ్ణి "తియ్యరా, గే అనుకుంటారు" అని తోసేశాడు. నా సంగతి వాడికి తెలీదు. మా గురించి జనానికి తెలిసేకొద్దీ మా నాన్నలకు ఉన్న చాటు మాకూ పోతోంది, పాపం ఆ పిల్లలకీ పోతోంది. అలాగని దాక్కోమని చెప్పను.

మొదటిసారి అయితే మాత్రం ఖాళీ రోడ్డు వద్దు. ఆదివారం సాయంత్రం చార్మినార్ పక్కన లాడ్ బజార్‌కి వెళ్లండి. ఎవరి బేరంలో వాళ్లుంటారు, పైగా ఆ రద్దీలో చెయ్యి పట్టుకోకపోతే తప్పిపోతారు.