సూపర్‌మ్యాన్‌కి అన్ని శక్తులుంటే ఇక కథలో పస ఏముంటుంది?

ఓడిపోతాడన్న భయం లేని హీరో కథ ఎందుకు చదవాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. నాకూ మొదట్లో అలాగే అనిపించేది, బ్యాట్‌మ్యాన్ వైపే మొగ్గేవాణ్ణి. పాత కామిక్స్ చదివేకొద్దీ సూపర్‌మ్యాన్ మీద ఇష్టం పెరిగింది.

జెర్రీ సీగల్, జో షుస్టర్ 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో పరిచయం చేసిన సూపర్‌మ్యాన్‌కి అసలు ఎగరడమే రాదు, పెద్ద పెద్ద గెంతులు వేస్తాడంతే. అందులో అతని పని గ్రహాంతరవాసులతో యుద్ధం కాదు. కరెంటు కుర్చీలో మరణశిక్షకు గురికాబోతున్న ఒక నిరపరాధిని కాపాడటానికి అర్ధరాత్రి గవర్నర్ ఇంటి ఉక్కు తలుపు పీకేస్తాడు. భార్యను కొడుతున్న మొగుడికి బుద్ధి చెబుతాడు.

శక్తులు విపరీతంగా పెరిగింది తర్వాతే. అప్పుడు కూడా మంచి రచయితలు అతన్ని బలంతో తేలని చిక్కుల్లోనే పెట్టారు. గ్రాంట్ మోరిసన్ రాసి, ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు వేసిన ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్‌లో ఒక పేజీ ఉంది. ఎత్తైన భవనం అంచున ఒక అమ్మాయి దూకడానికి సిద్ధంగా నిలబడి ఉంటుంది. తనే చావుకు దగ్గరైన సూపర్‌మ్యాన్ వెనకనుంచి వచ్చి, మీ డాక్టర్ రావడం నిజంగానే ఆలస్యమైందని చెప్పి, ధైర్యమిచ్చి, దగ్గరికి తీసుకుంటాడు. కొండల్ని ఎత్తగలవాడికి అక్కడ పనికొచ్చింది మాట ఒక్కటే. మీరు మొదలుపెట్టాలనుకుంటే ఈ పుస్తకంతోనే మొదలుపెట్టండి, పన్నెండు సంచికల్లో పూర్తవుతుంది.