ఉరా, జైలా, ఆసుపత్రా: తేల్చే చదువు ఏది?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర గీసుగొండ మండలం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. 2020లో గొర్రెకుంట బావిలో తొమ్మిది శవాలు బయటపడినప్పుడు తను చిన్నపిల్ల. ఆ సంఘటన తన మనసులో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు నీట్ కోచింగ్ మానేసి ఫోరెన్సిక్ సైకాలజీ చదువుతానని పట్టుబడుతోంది. “అంతమందిని చంపినవాణ్ణి ఉరితీయాలా, జైల్లో ఉంచాలా, మానసిక ఆసుపత్రిలో పెట్టాలా అని తేల్చే పని చేస్తాను” అంటోంది. అలాంటివాణ్ణి ఉరితీస్తే సరిపోయేదానికి ఇంత చదువెందుకని నాకు అనిపిస్తుంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఉంటే ఏ చదువు చదివించాలి?

జవాబు: మీ అమ్మాయి చెప్పిన పని మొత్తాన్ని ఒక్క మనిషి చేతిలో పెట్టే ఉద్యోగం మన దేశంలో లేదు. పని మాత్రం ఉంది. అది మూడు ప్రశ్నలుగా విడిపోయి, వేర్వేరు దశల్లో, వేర్వేరు వృత్తుల వాళ్ళ ముందుకు వస్తుంది. నిందితుడు ఇప్పుడు విచారణను అర్థం చేసుకోగల స్థితిలో ఉన్నాడా అనేది మొదటిది. నేరం చేసిన క్షణాన అతని మానసిక స్థితి ఏమిటనేది రెండోది. దోషి అని తేలాక ఏ శిక్ష వేయాలనేది మూడోది. అమ్మాయి ఏ కోర్సులో చేరాలన్నది, ఈ మూడింటిలో ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతూ జీవితం గడపాలనుకుంటోందో దాన్ని బట్టి ఉంటుంది.

ముందు మీ సందేహం సంగతి చూద్దాం. బతుకుతెరువు కోసం పరాయి రాష్ట్రాల నుంచి వచ్చి గోనెసంచులు కుట్టుకునే మనుషులకు తిండిలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పాక బావిలో పడేసిన ఆ కేసులో వరంగల్ సెషన్స్ కోర్టు చాలా వేగంగా, 2020 అక్టోబరు 28న ఉరిశిక్ష విధించింది. అక్కడితో వ్యవహారం ముగిసిందని చాలామంది అనుకున్నారు. కానీ సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించేదాకా అమలు చేయడానికి వీల్లేదు. ఆ పైన సుప్రీంకోర్టు, పునర్విచారణ పిటిషను, గవర్నరుకూ రాష్ట్రపతికీ పెట్టుకునే క్షమాభిక్ష ఉంటాయి. 257 మంది చనిపోయిన 1993 బొంబాయి పేలుళ్ళ కేసులో యాకూబ్ మెమన్‌ను నాగపూర్ జైల్లో ఉరితీసింది 2015 జూలైలో, అంటే 22 ఏళ్ళకు. ఆ తర్వాత మళ్ళీ ఉరి అమలైంది 2020 మార్చి 20న, తీహార్ జైల్లో, నిర్భయ కేసు దోషులకు. కాబట్టి “ఉరితీస్తే సరిపోతుంది” అన్నది మీరు అనుకున్నంత పొట్టి దారి కాదు. ఆ దారి పొడవునా ఎవరో ఒకరు ఆ మనిషి మనసు గురించీ గతం గురించీ కాగితం మీద పెట్టాల్సిందే.

మొదటి ప్రశ్న ప్రధానంగా మానసిక వైద్యులది. నిందితుడు తన లాయరుతో మాట్లాడలేని స్థితిలో, తన మీద ఏ కేసు నడుస్తోందో తెలియని స్థితిలో ఉన్నాడని మేజిస్ట్రేటుకు అనిపిస్తే వైద్యుల దగ్గరికి పంపుతారు. నేర విచారణ పద్ధతిని చెప్పే పాత సీఆర్‌పీసీలో 25వ అధ్యాయం, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 27వ అధ్యాయం దీని గురించే ఉన్నాయి. 2021 జనవరిలో మదనపల్లెలో కన్నకూతుళ్ళను చంపిన కేసులో తల్లిదండ్రులను జైలు నుంచి విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించడం మీకు గుర్తుండే ఉంటుంది. అలా పంపడం శిక్ష తప్పించడం కాదు. మనిషి కోలుకుంటే విచారణ మళ్ళీ మొదలవుతుంది.

అసలు చిక్కు రెండో ప్రశ్నలో ఉంది. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను, అంటే పాత ఐపీసీ 84, ఒక్కటే అడుగుతుంది: చేసే సమయంలో, తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకునే శక్తి, మతి చలించడం వల్ల అతనికి లేకుండా పోయిందా? 1843లో ఇంగ్లండులో ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చి చంపిన మెక్‌నాటన్ అనే వ్యక్తి కేసు నుంచి పుట్టిన సూత్రం ఇది. రోగం ఉంటే చాలదు. రోగం ఆ తెలివిని ఆ క్షణాన మింగేసి ఉండాలి. దాన్ని రుజువు చేయాల్సిన భారం కూడా నిందితుడి మీదే ఉంటుంది. నిద్రమాత్రలు ముందే కొనిపెట్టుకుని, పట్టుబడకుండా ఏర్పాట్లు చేసుకున్నవాడి విషయంలో ఈ వాదన నిలబడటం చాలా కష్టం. ఇంతమందిని చంపినవాడు పిచ్చివాడే అయి ఉండాలనుకోవడం మనకు ఒక రకమైన ఊరట. నిజానికి మానసిక రోగుల్లో అత్యధికులు ఎవరి మీదా చెయ్యెత్తని మనుషులు, మూకుమ్మడి హత్యలు చేసినవాళ్ళలో చాలామంది తాము చేసేది ఏమిటో బాగా తెలిసినవాళ్ళు. ఈ 22వ సెక్షను కింద నిర్దోషిగా తేలినవాణ్ణి కూడా ఊరికే వదిలేయరు, భద్రమైన కస్టడీలో ఉంచే అధికారం కోర్టుకు ఉంది.

ఈ ప్రశ్న ఎంత కఠినమైనదో చూడాలంటే మీ అమ్మాయిని నార్వే కేసు చదవమనండి. 2011 జూలై 22న ఆండర్స్ బ్రేవిక్ ఓస్లోలో బాంబు పేల్చి 8 మందిని, ఉటోయా దీవిలో వేసవి శిబిరానికి వచ్చిన వాళ్ళ మీద కాల్పులు జరిపి 69 మందిని చంపాడు. చంపింది తానే అని ఒప్పుకున్నాడు, సాక్ష్యాలకూ కొదవ లేదు. అయినా కోర్టు వారాల తరబడి తల పట్టుకున్నది ఒక్క విషయం మీదే. కోర్టు నియమించిన మొదటి ఇద్దరు మానసిక వైద్యులు అతనికి లేనిపోని అనుమానాలూ భ్రమలూ కలిగించే పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక రోగం ఉందని, నేర సమయంలో మతి స్థిమితంలో లేదని రాశారు. జనం మండిపడ్డారు. కోర్టు మరో ఇద్దరిని నియమించింది. వాళ్ళు అదే మనిషితో మాట్లాడి, అతనిది వ్యక్తిత్వ లోపమే తప్ప మతి చలించడం కాదన్నారు. అక్కడి ప్రాసిక్యూటర్లు, అనుమానం ఉన్నప్పుడు రోగిని జైలుకు పంపకూడదన్న సూత్రం పట్టుకుని, మానసిక చికిత్సకే పంపమని అడిగారు. జైలే కావాలని పట్టుబట్టింది బ్రేవిక్. పిచ్చివాడన్న ముద్ర పడితే తన రాజకీయానికి విలువ ఉండదని అతని బాధ. 2012 ఆగస్టు 24న అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అతను మతి స్థిమితంతోనే ఉన్నాడని తేల్చి, 21 ఏళ్ళ నిర్బంధ శిక్ష వేశారు. గడువు ముగిశాక కూడా ప్రమాదకరమని భావిస్తే అయిదేసి ఏళ్ళ చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చు. 2022లో పెరోలు అడిగితే నిరాకరించారు. మరణశిక్షను నార్వే 1979లోనే పూర్తిగా రద్దు చేసుకుంది కాబట్టి ఆ ప్రస్తావనే రాలేదు.

నలుగురూ నిపుణులే, పేషెంటు ఒక్కడే, అభిప్రాయాలు మాత్రం రెండు. మీ అమ్మాయి రేపు చేయబోయే పని ఇదే. అది చూడటానికి టీవీ సీరియల్లోలా ఉండదు. కోర్టు ఆదేశం మీద ఆసుపత్రికి తెచ్చిన నిందితుణ్ణి వార్డులో ఉంచి రోజుల తరబడి గమనిస్తారు. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, అన్నం తిన్నాడా, గోడతో మాట్లాడుతున్నాడా, డాక్టరు వచ్చినప్పుడు మాత్రమే మాట్లాడుతున్నాడా అని డ్యూటీ నర్సులు రాసే కాగితాలే చివరికి కేసును నిలబెడతాయి. ఆ తర్వాత బోనెక్కితే డిఫెన్సు లాయరు గానీ ప్రాసిక్యూటరు గానీ అడిగే మొదటి ప్రశ్న, “డాక్టరు గారూ, హత్య జరిగిన రోజు మీరు ఇతన్ని చూశారా?” అనే. లేదనే చెప్పాలి. నెలల తర్వాత చూసిన మనిషి గురించి, ఆ రోజు అతని తల లోపల ఏం జరిగిందో, తనకు తెలిసినంతవరకే, ఒక్క మాట ఎక్కువ కాకుండా చెప్పగలగాలి.

మూడోది శిక్ష. ఇక్కడ చట్టం చదివినవాళ్ళ పాత్ర ఎక్కువ. 1980లో సుప్రీంకోర్టు ఇచ్చిన బచన్‌సింగ్ తీర్పు ఉరిని అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసులకు పరిమితం చేసింది. 17 మందిని చంపిన మచ్చీసింగ్ కేసులో 1983లో సుప్రీంకోర్టు ఆ అరుదైన కేసులు ఎలాంటివో వర్గీకరించింది. 2022 మే నెలలో మనోజ్ కేసులో, ఉరి గురించి ఆలోచించే ముందు ట్రయల్ కోర్టు దోషి మానసిక పరీక్ష నివేదికనూ, జైల్లో అతని నడవడిక నివేదికనూ, అతని కుటుంబ నేపథ్యాన్నీ తెప్పించుకోవాలని చెప్పింది. అంతకుముందే 2014లో శత్రుఘ్న చౌహాన్ తీర్పు, ఉరి ఖాయమైన తర్వాత వచ్చిన మానసిక రోగం కూడా శిక్ష తగ్గించడానికి కారణమేనని తేల్చింది. అన్న కుటుంబంలో అయిదుగురిని చంపిన ఉత్తరాఖండ్ ఖైదీ ఒకరికి స్కిజోఫ్రీనియా ఉందన్న కారణంగానే అందులో ఉరి తప్పింది. మన దగ్గరి ఉదాహరణ కావాలంటే, 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర దోపిడీకని ఆర్టీసీ బస్సుకు నిప్పుపెట్టి 23 మంది చావుకు కారణమైన ఇద్దరు యువకులకు సుప్రీంకోర్టు 1996లో ఉరిని ఖాయం చేస్తే, 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ మార్పు వెనక పౌరహక్కుల సంఘాల వాళ్ళ శ్రమ ఉంది.

నా సొంత అభిప్రాయం ఏమిటని మీరు అడగలేదు గానీ, సలహా ఇచ్చేవాడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో అడిగేవాళ్ళకు తెలియాలి. రోగంతో చేసినవాడికి ఆసుపత్రి, తెలిసి చేసినవాడికి బతికున్నంతకాలం బయటికి రాని జైలు, ఇదీ నాకు సబబుగా తోచేది. శిక్ష తగ్గింపు లేని యావజ్జీవం వేసే అధికారం తమకుందని సుప్రీంకోర్టు 2008లో శ్రద్ధానంద కేసులోనే చెప్పి, 2015లో మళ్ళీ నిర్ధారించింది కాబట్టి, సమాజం భద్రంగా ఉండటానికి ఉరి అవసరం నాకు కనిపించదు. మీరు వేరేలా అనుకోవచ్చు. తొమ్మిది శవాలు తేలిన బావి ఉన్న మండలంలోనే బతికేవాళ్ళకు ఆ హక్కు నాకంటే ఎక్కువే ఉంది. కానీ మీ అమ్మాయి ఈ రంగంలోకి వెళ్తే, ఉరి వేయాలనో వేయకూడదనో ముందే నిశ్చయించుకుని నివేదిక రాయకూడదు. అలా రాసే సాక్షిని మంచి లాయరు పది నిమిషాల్లో పట్టేస్తాడు.

ఇక చదువుల సంగతి. మొదటి రెండు ప్రశ్నలు ఆమెను పట్టి లాగుతున్నాయంటే నీట్ కోచింగ్ మానిపించకండి. కోర్టు బరువిచ్చే మాట మానసిక వైద్యులది, వాళ్ళు డాక్టర్లు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్ళు, ఆపైన సైకియాట్రీలో ఎండీ మూడేళ్ళు. మన రాష్ట్రంలో ఇలాంటి కేసులు వచ్చేది హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఎండీ తర్వాత ఫోరెన్సిక్ సైకియాట్రీలో ప్రత్యేక శిక్షణ దొరుకుతుంది.

ఫోరెన్సిక్ సైకాలజీ అన్న పేరు చూసి మాత్రం తొందరపడవద్దు. గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయంలో ఆ ఎమ్మెస్సీ ఉంది, మంచి సంస్థే. కానీ ఫోరెన్సిక్ ల్యాబుల్లో సైకాలజీ విభాగాల ముఖ్యమైన పని అబద్ధాన్ని పట్టేందుకు చేసే పాలీగ్రాఫ్ వంటి పరీక్షలు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన సెల్వి తీర్పు తర్వాత వాటిని నిందితుడి అంగీకారం లేకుండా చేయకూడదు. మీ అమ్మాయి ఊహించుకున్న పని అది కాదు, పోస్టులు కూడా కొద్దే. రోగ నిర్ధారణలో పాలు పంచుకునేది క్లినికల్ సైకాలజిస్టు. అందుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి అక్కడ నమోదు కావాలి. ఈ కోర్సుల నిబంధనలు ఈ మధ్య మారుతున్నాయి కాబట్టి చేరే ముందు కాలేజీ బ్రోచరును కాకుండా ఆర్‌సీఐ జాబితాను చూడండి. దూరవిద్యలో సైకాలజీ డిగ్రీల్లో కొత్త ప్రవేశాలను యూజీసీ 2025లో ఆపించింది. ఇప్పటికీ ఎవరైనా సీటు ఇస్తామంటే డబ్బు కట్టకండి.

మూడో ప్రశ్నే ఆమెకు ముఖ్యమైతే లా చదివించండి. బైపీసీ అడ్డం కాదు. ఇంటర్ తర్వాత అయిదేళ్ళ ఎల్ఎల్‌బీకి లాసెట్, హైదరాబాదులోని లా విశ్వవిద్యాలయం నల్సార్‌కూ విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయానికీ క్లాట్ రాయాలి. మూడేళ్ళ ప్రాక్టీసు తర్వాత అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులకు పోటీ పడవచ్చు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కూడా మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్ళీ చెప్పింది. అంటే ఎటు వెళ్ళినా ఇంచుమించు ఎనిమిదేళ్ళ ప్రయాణం. డాక్టరు దారిలో చివర్లో స్థిరమైన ఆదాయం ఉంది, లాయరు దారిలో మొదటి కొన్నేళ్ళు ఇంటి నుంచి డబ్బు పంపాల్సి రావచ్చు. మీరు దాచుకున్నది ఎంతో, చిన్నపిల్లలు ఇంకా ఎవరైనా ఉన్నారో నాకు రాయలేదు, ఆ లెక్క మీరే వేసుకోండి.

మరో దారి ఉంది, దాని గురించి కోచింగ్ సెంటర్ల వాళ్ళు చెప్పరు. ఉరిశిక్ష పడిన ఖైదీ ఊరికి వెళ్ళి, అతని తల్లితో, బడిలో చదువు చెప్పిన పంతులుతో మాట్లాడి, అతని జీవితాన్ని కోర్టు ముందు పెట్టే పని అది. ఒకప్పుడు ఢిల్లీ జాతీయ లా విశ్వవిద్యాలయంలో ప్రాజెక్ట్ 39ఏ పేరుతో పనిచేసిన బృందం ఇప్పుడు నల్సార్‌లోనే స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో ఉంది. వాళ్ళు 2021లో, ఉరిశిక్ష పడిన 88 మంది ఖైదీలతో మాట్లాడి వెలువరించిన అధ్యయనంలో 62 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. ఈ పనికి లా చదివినవాళ్ళూ, సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్ళూ కావాలి. జీతాలు మాత్రం పెద్దగా ఉండవు.

ఈ పనిలో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని మీరు అడగకపోయినా చెబుతున్నాను. మీరు భయపడవచ్చు గానీ, హంతకుడితో ఒక్క గదిలో కూర్చోవడం అంత ప్రమాదం కాదు, పోలీసు ఎస్కార్టు గుమ్మం దగ్గరే ఉంటుంది. చనిపోయినవాళ్ళ బంధువులు కోర్టు వరండాలో ఎదురుపడి, “వాడి తరఫున రాశావా?” అని అడిగినప్పుడు తల దించుకోకుండా, ఎదురు చెప్పకుండా నిలబడటం కష్టం. అమ్మాయి స్వభావం మీకు తెలుసు, అందుకు సిద్ధంగా ఉందో లేదో ఆలోచించండి.

ఇంటర్ పరీక్షలు అయ్యాక, ఫలితాలు వచ్చేలోపు, తనను హనుమకొండ జిల్లా కోర్టుకు తీసుకెళ్ళి కొన్ని రోజులు హత్య కేసుల విచారణ చూపించండి. బహిరంగ కోర్టు కాబట్టి ఎవరైనా వెనక బెంచీలో కూర్చోవచ్చు, ఏ హాల్లో ఏ కేసు ఉందో ఉదయాన్నే నోటీసు బోర్డు మీద ఉంటుంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు సాక్ష్యం చెప్పే రోజు దొరికితే తప్పక ఉండండి. నీట్ దరఖాస్తు ఎలాగూ పెట్టించండి, లాసెట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అదీ పెట్టించండి. రెండింటికీ కట్టే ఫీజు, అయిష్టంగా చేర్పించిన కోర్సులో ఒక సెమిస్టరుకు కట్టేదానిలో చిన్న భాగం కూడా కాదు. ఆ విచారణల్లో తన కళ్ళు డాక్టరు మీద నిలిచాయో లాయరు మీద నిలిచాయో అడిగి, ఆ తర్వాత నాకు మళ్ళీ రాయండి.