కరోనా రోజుల్లో పాల బ్యాంకు ఫ్రీజర్ ఎందుకు ఖాళీ అయింది?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గాజువాక. నాకు రెండో కాన్పై రెండు నెలలు. పాప తాగాక కూడా పాలు బాగా మిగులుతున్నాయి, తల్లిపాల బ్యాంకుకి ఇద్దామనుకుంటున్నాను. అత్తయ్య ఒప్పుకోవట్లేదు. 2021 మే నెలలో మా ఆడపడుచుకి ఏడో నెలలోనే బాబు పుట్టాడు. తనకి పాజిటివ్ అని బిడ్డని వేరే వార్డులో పెట్టేశారు, దాత పాలు అడిగితే లేవన్నారు, డబ్బా పాలే పట్టారు. "అవసరానికి లేని బ్యాంకు దేనికి, ఆ పాలల్లో ఎవరి జబ్బు ఉందో ఎవరికి తెలుసు" అంటారు అత్తయ్య. నిజంగా వైరస్ వల్లే పాలు ఆపేశారా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: ముందు మీ అత్తయ్య గారి బాధ సరైనదే అని చెప్పాలమ్మా. పాజిటివ్ వచ్చిన తల్లి కూడా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని బిడ్డకి పాలివ్వొచ్చని, ఇద్దరినీ విడదీయక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. తల్లి లేవలేకపోతే పాలు పిండి పంపొచ్చు. అయినా భయంతో చాలాచోట్ల విడదీశారు. నెలలు నిండకుండా కన్న తల్లి మొదటి రోజు నుంచే రోజుకి ఎనిమిదిసార్లయినా పాలు తీయాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి. ఒకపక్క అలా తల్లుల పాలు తగ్గి దాత పాల కోసం అడిగేవాళ్ళు పెరిగారు, సరిగ్గా అప్పుడే బ్యాంకులకి పాలు రావడం పడిపోయింది. ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడనిది ఇదే.

ఇక వైరస్ సంగతి. తల్లిపాల ద్వారా బిడ్డకి కరోనా అంటుకున్నట్టు ఆధారాలు దొరకలేదు. పైగా బ్యాంకులో పచ్చి పాలు ఎవరికీ ఇవ్వరు. ఇచ్చే తల్లికి హెచ్ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు, తర్వాత ఆ పాలని 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసి వెంటనే చల్లారుస్తారు, అందులోంచి కొంచెం తీసి ల్యాబ్‌కి పంపి, బ్యాక్టీరియా కనిపిస్తే ఆ విడత మొత్తం పారబోస్తారు. ఆ వేడికి కరోనా వైరస్ చచ్చిపోతుందని, పాలల్లో కావాలనే వైరస్ కలిపి మరీ 2020లోనే పరీక్షించి చూశారు. హెచ్ఐవీ కూడా ఆ వేడికి నిలవదు. 1980లలో హెచ్ఐవీ భయంతో విదేశాల్లో ఎన్నో పాల బ్యాంకులు మూతబడ్డాయి, మళ్ళీ తెరుచుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఆ అనుభవం ఉంది కాబట్టే ఈసారి బ్యాంకులు నడిపేవాళ్ళు మొదటి నెలల నుంచే దేశాలకి అతీతంగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు.

మరి ఫ్రీజర్ ఎందుకు ఖాళీ అయింది? మన దగ్గర పాలిచ్చేవాళ్ళలో ఎక్కువమంది అదే ఆసుపత్రిలో కాన్పైన తల్లులు, నర్సరీలో (నెలలు నిండని, బాగోలేని పసిపిల్లల వార్డు) ఉన్న బిడ్డ కోసం రోజూ వచ్చిపోయేవాళ్ళు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టగానే బస్సులు ఆగాయి, బాలింతల్ని తొందరగా ఇంటికి పంపేశారు, తోడు మనిషిని లోపలికి రానివ్వలేదు, పక్కన కూర్చుని పాలు ఎలా తీయాలో నేర్పే సిస్టర్లకి కోవిడ్ డ్యూటీలు పడ్డాయి. జ్వరమొచ్చిన తల్లులు బ్యాంకుకి పాలివ్వడానికి కొన్ని వారాలు ఆగాల్సి వచ్చింది. పాడేరు వైపు నుంచి బిడ్డని తెచ్చి ఇక్కడ నర్సరీలో పెట్టాక, తల్లి అక్కడే ఉండిపోతే ఆ పాలు ఘాట్ రోడ్డు దిగి ఎలా వస్తాయి చెప్పండి?

ఒకాయన గుర్తున్నాడు. పెందుర్తి నుంచి రోజూ బైకు మీద, చేపలకి వాడే రకం థర్మోకోల్ పెట్టె కొత్తది కొని, అందులో ఐసు ముక్కల మధ్య భార్య తీసిన పాల చిన్న సీసా పెట్టుకుని వచ్చేవాడు. మూత మీద తెల్ల టేపు, దాని మీద భార్య పేరు, తేదీ, టైము. ఎన్ఏడీ కూడలి దగ్గర పోలీసులు ఆపితే మేం రాసిచ్చిన చీటీ చూపించేవాడు, పంపేసేవాళ్ళు. సీసాలో ఒక్కోరోజు 15 మి.లీ. కూడా ఉండేవి కావు. కానీ కిలో బరువున్న పిల్లకి మొదట్లో రెండు గంటలకోసారి గొట్టం ద్వారా పట్టేది ఒకటి, రెండు మి.లీ.లే! మీకు ఒక్కపూట మిగిలే 60 మి.లీ. అలాంటి బిడ్డకి రెండు రోజుల పైనే వస్తాయి. డబ్బా పాలతో పోలిస్తే, అలాంటి పిల్లల పేగుల్ని కుళ్ళబెట్టే జబ్బు దాత పాలతో తక్కువ. మీ అత్తయ్యకి ఈ లెక్క చెప్పి చూడండి, ఆ రోజు మీ మేనల్లుడికి దొరకనిది ఇదే.

కాబట్టి రేపు మరో మహమ్మారి వస్తే ముందు తల్లీబిడ్డల్ని కలిపి ఉంచాలి, తర్వాత ఇంటి దగ్గరే పాలు తీసుకునే బండి, దానికి పాసు సిద్ధంగా ఉండాలి. ఇవి అప్పటికప్పుడు పుట్టేవి కావు. ఆసియాలో మొదటి పాల బ్యాంకు ముంబై సయన్ ఆసుపత్రిలో 1989లో పెట్టారు, అన్నేళ్ళ అనుభవం మన దేశంలోనే ఉంది.

మీరైతే కాన్పైన ఆసుపత్రి నర్సరీలోనో, విశాఖ కేజీహెచ్ (పెద్దాసుపత్రి) పిల్లల విభాగంలోనో పాలు ఎక్కడ ఇవ్వొచ్చో అడగండి, అత్తయ్యని కూడా తీసుకెళ్ళండి. మీ పాప కడుపు నిండాకే ఇవ్వాలి. సిగరెట్, మద్యం, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళ పాలు తీసుకోరు, మీరు వేసుకునే మాత్రల చీటీ పట్టుకెళ్ళండి. కరోనా టీకా గురించి టెన్షన్ వద్దు, పాలిచ్చే తల్లులు వేయించుకోవచ్చని 2021 మేలోనే కేంద్రం చెప్పింది.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తల్లిపాలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఇప్పుడు ఒకావిడ డబ్బులకి ఇస్తానంటోంది. కొనొచ్చా? – మధురవాడ

జవాబు: వద్దండీ. పరీక్ష లేని, వేడిచేయని పాలు అవి, అందులోనూ నెలలు నిండని బిడ్డకి అసలు పట్టొద్దు. తల్లిపాల అమ్మకానికి అనుమతి లేదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 మేలో స్పష్టంగా చెప్పింది. ఆవిడకి నిజంగా పాలు మిగులుతుంటే పైన గాజువాక అమ్మాయికి చెప్పిందే ఆవిడకీ చెప్పండి. మీ బిడ్డకి పాలు చాలట్లేదనిపిస్తే రేపే బిడ్డని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, బరువు చూపించండి.